దొరసానమ్మ కుటుంబ సభ్యులు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు జూన్ నెలలో నన్ను కడప జిల్లాలో, మైదుకూరుకు ఆనుకుని ఉన్న ఒక మండలానికి తహశీల్దారుగా వేశారు. మాది కర్నూలు జిల్లా ఆలూరు వైపు. డిప్యూటీ తహశీల్దారుగా ఏళ్ల తరబడి నలిగి, ఆ కుర్చీ దాకా వచ్చేసరికి నా సర్వీసులో మిగిలింది కొద్దికాలమే. తహశీల్దారంటే భూముల రికార్డులు, కులం ఆదాయం సర్టిఫికెట్లు అనుకుంటారు జనం. మండలానికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా తహశీల్దారే. పూడ్చిన శవాన్ని బయటికి తీయాలన్నా, ఉన్న సమాధిని ఇంకోచోటికి మార్చాలన్నా ఆ మనిషి అక్కడ నిలబడి ఉండాల్సిందే. ఈ రెండో పని నాకు ఆ మండలంలోనే తగులుకుంది.

చేరిన వారానికే సుబ్బరాయుడు గారు ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. ఆయన మా శాఖలోనే పనిచేసి రిటైరై, బైపాస్ రోడ్డు వేస్తున్న సంస్థ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే పనిలో కుదిరారు. ఇలాంటి సంస్థలు రెవెన్యూలో రిటైరైన వాళ్లనే ఏరుకుంటాయి. మా లొసుగులు మాకే కదా తెలిసేది. ఎర్రమిట్టపల్లె దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక సమాధి ఉందనీ, దాన్ని మార్చడానికి చనిపోయిన మనిషి వారసుల అంగీకారం కావాలనీ, ఆ వారసులెవరో తేల్చి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం ఇప్పించమనీ అడిగారు. మండలంలో రోజూ ఇచ్చే పత్రమే అది. ఇంటి పెద్ద పోతే ఆయనకు భార్య ఎవరు, పిల్లలెవరు అని విచారించి సంతకం పెడతాం. సరేనని ఫైలు తెరిచాను. చనిపోయిన మనిషి ఇంగ్లండు దొరసాని. పేరు ఎమీలియా. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడొక ప్రభువు ఇంట పుట్టి, ఈస్టిండియా కంపెనీ వాళ్లు మన సీమను నిజాం దగ్గర తీసుకున్న కొత్తలో, దండుతో వచ్చిన తమ్ముడి వెంట ప్రయాణం చేస్తూ ఎర్రమిట్టపల్లెలో జ్వరం తగిలి పోయింది. ఇదంతా సమాధి మీది రాతిలోనే ఉంది.

అప్పటికే వీఆర్వో తన విచారణ పూర్తిచేసి నివేదిక పెట్టేశాడు. మాలో నివేదికలకు ఒక మూస ఉంటుంది, అందులో పేరు మార్చి రాసుకుపోతారు. ఇతనూ అదే చేశాడు. ఇరుగుపొరుగు వారిని విచారించగా మృతురాలు సౌమ్యురాలని తెలిసిందట. రేషన్ కార్డు లేదు. ఆధార్ సమర్పించలేదు. కులం దగ్గర ఓసీ, ఇంగ్లీషు. పైగా భూమి రికార్డులో ఆ స్థలం ఆమె పేరు మీదే ఉంది కాబట్టి, ఏడు రోజుల్లోగా తగిన ఆధారాలతో స్వయంగా హాజరు కావాలని ఆమెకే నోటీసు తయారుచేసి, సమాధికి జిగురుతో అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, ఫొటో కూడా జతచేశాడు. నేను పిలిచి తిట్టబోయాను. అతను నిదానంగా, ఆసామి ఇంట్లో లేకపోతే తలుపుకు అంటించమని రూల్సులో ఉండాది గదా మేడం, అన్నాడు.

మరునాడు స్థలం చూడటానికి వెళ్లాను. అక్కడ కనిపించింది ఒక్క సమాధి కాదు. దొరసాని సమాధి గోపురం చుట్టూ, తలాపున కడప బండలు పాతిన మట్టి సమాధులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఊరి చర్చి వీధి వాళ్లు తరతరాలుగా తమ వాళ్లను అక్కడే పూడ్చుకుంటున్నారు. అంతా కూలి జనం, బండల గనుల్లో పనిచేసేవాళ్లు. రికార్డులో మాత్రం ఆ స్థలానికి ఎదురుగా 'దొరసాని గోరీ' అన్న రెండే మాటలు. శ్మశానమని ఎవరూ రాయలేదు, రాయించుకోవాలని వాళ్లకూ తెలియదు. ఆ పల్లెలో ఇన్నేళ్లుగా ఎందరు పోయినా, ప్రభుత్వానికి కనిపించిన చావు ఒక్కటే. సుబ్బరాయుడు గారి లెక్క చాలా సులువు. దొరసాని వారసుల అంగీకారం తీసుకుంటే చాలు. మిగతావి రికార్డులో లేనే లేవు కాబట్టి ఎవరినీ అడగనక్కర లేదు, జేసీబీ పెట్టేయడమే.

రూతమ్మ అనే ముసలామె ఒక మట్టి సమాధి పక్కన గడ్డి పీకుతోంది. అది ఆమె భర్త ఏసోబుది. బండలు కోసి కోసి ఊపిరితిత్తులు చెడి పోయాడట. దాని పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది, అది తనకని చూపించింది. "నా జాగా మీద రోడ్డేస్తే వేసుకోండమ్మా, నేనింకా సావలేదు. ఆయప్ప మీద లారీలు పోతాంటే నేనెట్ల సూడాల?" అంది. ఏడవలేదు, గడ్డి పీకడం ఆపలేదు. నా సంతకంతో జరగబోయే పని అది.

ఇక వారసుల సంగతి. అంగీకరిస్తామంటూ ముందుకొచ్చింది ఆ ఊరి మోతుబరి శివశంకర రెడ్డి. దొరసాని మా ఇంటి ఆడబిడ్డ అని అర్జీ పెట్టుకున్నాడు. నేను నవ్వాను గానీ, విచారిస్తే అది ఒట్టి మాట కాదు. ఆమె చనిపోయింది వీళ్ల ముత్తాతల ముత్తాత ఇంటి ముందరట. పుట్టిల్లు సముద్రాల అవతల ఉన్న మనిషి, పుట్టింటి చీర లేకుండా మట్టిలోకి పోకూడదని ఆ ఇంటి ఆడవాళ్లు తమ చీర కప్పి పంపారు. పూడ్చడానికి జాగా కూడా ఆ ఇల్లే ఇచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ సమాధికి చీర, గాజులు, పసుపు కుంకుమ తీసుకుపోతారు. ఇప్పుడు తీసుకుపోయేది శివశంకర రెడ్డి తల్లి లక్ష్మమ్మ. ఆయన తొందరకు కారణం వేరే ఉంది. సమాధి కదలకపోతే రోడ్డు వంపు తిరిగి ఆయన చీనీ తోట, అంటే బత్తాయి తోట మీదుగా పోతుంది.

చర్చి వీధి వాళ్ల వాదన ఇంకో తీరు. జ్వరంలో దొరసానికి సేవ చేసిన మనిషి తమ అవ్వ అని, చనిపోయేటప్పుడు నన్ను ఈమె పక్కనే పెట్టండి అని ఆ అవ్వ అడిగిందని, అందుకే ఆమె వెనక అందరూ అక్కడికే చేరారని. సమాధుల పండగ నాడు వాళ్లు ముందు దొరసాని గోపురానికి సున్నం కొట్టి కొవ్వొత్తి పెట్టాకే తమ వాళ్ల దగ్గరికి పోతారు. మేము ఆమె ఇంటివాళ్లం అన్నారు. అంటే నా ముందర ఒక పుట్టిల్లు, ఒక మెట్టినిల్లు నిలబడ్డాయి. మనిషేమో ఇద్దరికీ ఏమీ కాదు.

విచారణ రోజు పద్ధతి ప్రకారం అటెండరు వరండాలో నిలబడి ఆసామి పేరు మూడుసార్లు పిలిచాడు. ఎమీలియా దొరసాని హాజరేనా అని. జనం అటూ ఇటూ చూశారు. "ఆమె యాడ పలుకుతాది లేప్పా, మేమొచ్చినాం గదా," అని లోపలికి వచ్చి లక్ష్మమ్మ బెంచీ మీద కూర్చుంది. గైర్హాజరు అని రాసుకున్నాను.

సుబ్బరాయుడు గారు ఆ రోజుకు పెద్ద ఆయుధమే తెచ్చారు. ఇంగ్లండులో ఆమె కూతురి వంశం ఇంకా ఉందట. వెతికి పట్టుకుని, ఇప్పటి ప్రభువును ఫోన్లో వీడియోలోకి రప్పించారు. ఇది నిజంగా ప్రమాదమే. దొరసాని కడుపున పుట్టిన వాళ్ల సంతతి వచ్చి సరే అంటే, పుట్టిల్లూ లేదు, మెట్టినిల్లూ లేదు, ఫైలు అక్కడితో మూతపడుతుంది. తెర మీద ఊలు కోటు వేసుకున్న ఒక పెద్దాయన కనిపించాడు, వెనక ఒక కుక్క. శివశంకర రెడ్డి కొంచెం ఇబ్బంది పడి, వరస ఏమవుతుందని తల్లిని అడిగాడు. ఆడబిడ్డ బిడ్డల వంశమంటే అల్లుడి వరసేనని ఆమె తేల్చింది. తనకన్నా పదిహేనేళ్లు పెద్దయిన ఆ ఇంగ్లీషు ప్రభువును ఆయన 'ఏం అల్లుడూ, బాగుండావా, అన్నం తిన్న్యావా' అని పలకరించాడు. తర్జుమా చేయాల్సింది నేనే. కులాసానా అని అడుగుతున్నారని చెప్పి ఊరుకున్నాను.

ప్రభువు మర్యాదస్తుడు. సమాధిని మార్చుకోవడానికి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. సుబ్బరాయుడు గారు నా వైపు చూసి కళ్లతోనే నవ్వారు. రూతమ్మ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, ఏమన్నాడమ్మా అని అడిగింది. చెప్పకుండా దాటేసి, ఆయన్ను ఎవరినైనా అడిగేటట్టే అడిగాను: ఆమె మీకు ఏమవుతుంది, ఎప్పుడు పోయింది, ఎక్కడ పోయింది.

ఆయన తమ ఇంటి సంగతి చెప్పాడు. ఎమీలియాను పదిహేడేళ్లకే తన కన్నా చాలా పెద్దవాడైన ప్రభువుకు కట్టబెట్టారు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. మొగుడు తాగుబోతు, జూదగాడు, చెయ్యి చేసుకునేవాడు. ఒకనాడు ఓర్చుకోలేక ఇల్లు విడిచి పోయింది. ఆ కాలంలో అక్కడి చట్టం ప్రకారం పిల్లలు తండ్రి సొత్తు. తల్లికి కంటితో చూసే హక్కు కూడా లేదు. పుట్టింటి వాళ్లు పరువు పోతుందని తలుపు తీయలేదు. పటాలం ఉద్యోగంలో ఉన్న తమ్ముడొక్కడే ఆదరించి తన వెంట ఓడ ఎక్కించుకున్నాడు. మొగుడు కూతుళ్లకు మీ అమ్మ చచ్చిపోయిందని చెప్పి, ఊరి చర్చి గోడకు ఆమె పేరున ఒక పలక కూడా పెట్టించాడు. తమ ఇంటి లెక్కలో ఆమె అక్కడే, ఆ పలక మీది తేదీకే చనిపోయిందని, ఆమె ఇండియా వచ్చిన సంగతి సుబ్బరాయుడు గారు రాసేదాకా తమకే సరిగ్గా తెలియదని అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. నాకు పాత దొర మీద ఒళ్లు మండింది గానీ, అంతలోనే రెవెన్యూ బుర్ర మేలుకుంది. ఈ ప్రభువు చెప్పే మృతురాలు ఇంగ్లండులో పోయింది. మా మృతురాలు చాలా ఏళ్ల తర్వాత ఎర్రమిట్టపల్లెలో పోయింది. మరణ తేదీ కలవలేదు, మరణ స్థలం కలవలేదు. వివరాలు సరిపోలనందున తిరస్కరించడమైనది. ఈ ముక్కతో మేము ఎందరు పేద వితంతువులను తిప్పి పంపామో చెప్పుకుంటే సిగ్గు. దాన్ని ఒక ప్రభువు మీద వాడటం సర్వీసులో అదే మొదలు, అదే చివర. సుబ్బరాయుడు గారు గింజుకున్నారు, ఆమే ఈమె అని చిన్నపిల్లకైనా అర్థమవుతుందన్నారు. ఆ ఇంటివాళ్లే పలక చెక్కించుకున్నారు, నేను కాదనడానికి ఎవర్నని అన్నాను.

మిగిలింది పుట్టిల్లు. శివశంకర రెడ్డి అంగీకార పత్రం మీద సంతకం చేయడానికి పెన్ను తీశాడు. లక్ష్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"బతికుండంగనే బిడ్డలకు సచ్చిపొయ్యిందని చెప్పినారంట. కన్నోళ్లు తలుపే తియ్యలేదంట. మనం సీర పెడితిమి, ఈళ్లు జాగాలో తోడుండిరి. ఇప్పుడు నువ్వూ తరిమితే ఇంగ యాడికి పోవల్లరా ఆమె?"

తోట పోతుంది గదమా అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఒక మూల పోతాది. మళ్లా పెట్టుకుంటావు," అంది. ఆయన అందరి ముందర ఎర్రబడి, పెన్ను మూసి, తల్లి కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఇంటికి ఆటోలో వెళ్లింది ఆమె. ఆ తర్వాత చాలా నెలలు తల్లితో ముభావంగా ఉన్నాడని విన్నాను.

అంగీకరించేవాళ్లు లేరు కాబట్టి సమాధి కదలదని రాయడం తేలిక. కానీ చుట్టూ ఉన్నవి రికార్డులో లేవు. దొరసానిని మధ్యలో ఉంచి చుట్టూ తవ్వేస్తామని సుబ్బరాయుడు గారు అప్పటికే కొత్త నక్షా గీయిస్తున్నారు. అందుకని అక్కడ పూడ్చిన ప్రతి మనిషి పేరూ చర్చి వీధి వాళ్ల చేత చెప్పించి, వాంగ్మూలాలు తీసుకుని, 'దొరసాని గోరీ' అనే కుటుంబ శ్మశానంలో ఆమె ఇంటివారుగా ఎక్కించాను. మా నమూనాలో మృతురాలితో బంధుత్వం అని ఒక గడి ఉంటుంది, ఖాళీగా వదలకూడదు. వయసులు చూసి మనవడు, మునిమనవరాలు అని నింపుకుంటూ పోయాం. జాయింట్ కలెక్టరు ఫోన్ చేసి, నేను పంపింది రికార్డా లేక నవలా అని అడిగారు. ప్రతి వరసకూ వాంగ్మూలం ఉంది సార్ అన్నాను. అవన్నీ చదివి, సరే శ్మశానంగా వర్గీకరించండి అన్నారు. రోడ్డు వంపు తిరిగింది.

ఉత్తర్వు నకలు తీసుకుని చర్చి వీధికి నేనే వెళ్లాను. రూతమ్మ తన భర్త పేరు ఉన్నచోట చదవమంది. చదివాను. కూలి ఏసోబు, లేడీ ఎమీలియా గారి మనవడు. ఆమె ఇంకోసారి చదివించుకుంది.

"దొరసాని మనవడా? బండల కాడ మేస్త్రీ ఒక్క పొద్దన్నా పేరు పెట్టి పిలిచినోడు కాడమ్మా ఆయప్పను."

వట్టి ఏసోబని రాస్తే కాగితం నిలబడదని, అందుకే అలా రాశామని చెప్పాను. ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. సరేలే తల్లీ, మనిషి కదలకుంటే సాలు, అంది.

ఆ తర్వాత రిటైరయ్యేలోపు మరో రెండు మండలాల్లో పనిచేశాను. రెండుచోట్లా చేరిన మొదటి నెలలోనే పల్లెపల్లెకూ తిరిగి, కూలి జనం తమ వాళ్లను ఎక్కడ పూడ్చుకుంటారో, ఆ స్థలాన్ని రికార్డులో ఏమని రాశారో చూశాను. ఎక్కువచోట్ల ఏమీ రాయలేదు. అక్కడ దొరసానులూ లేరు, కాబట్టి వట్టి శ్మశానమనే రాయించాను. నిబంధనల్లో దానికి ఎప్పుడూ అడ్డు లేదు. అడిగినవాళ్లు లేరు, అంతే.