ఎవరు పంపినారని అడిగిన చిన్నమ్మ

మొన్న మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు సమాచారం లోకంలో ఎలా తిరుగుతుందో చెప్పమని నన్ను పిలిచారు. రాసుకుపోయిన కాగితంలో అన్నీ పెద్ద పెద్ద మాటలే. రెండో పేరాకే వెనక బెంచీల్లో ఆవులింతలు మొదలయ్యాయి. కాగితం మడిచి సంచిలో పెట్టి, కొమరోలు దగ్గరి మా చిన్నమ్మ సంగతి ఎత్తుకున్నాను.

చిన్నమ్మ కూలికి పోయే మనిషి. బైబిలు తప్ప మరో పుస్తకం తెరిచి ఎరగదు, అదీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. చర్చిలో పాట మాత్రం అందరికంటే ఒక మెట్టు పైన ఎత్తుకునేది, పాస్టరుగారు ఎన్ని సైగలు చేసినా దిగేది కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లన్నీ మోగిపోతున్న ఎండాకాలం అది. నేను సెలవులకు వెళ్లి ఉన్నాను. ఒక మధ్యాహ్నం దుప్పట్లు అమ్ముకునే ముసలాయన్ని, తెలుగు సరిగా రాదన్న పాపానికి, కరెంటు స్తంభానికి కట్టేశారు. కర్రలు కూడా వచ్చాయి. ఉపాధి పని నుంచి వస్తున్న చిన్నమ్మ తట్ట కింద పడేసి ఆయనకు అడ్డంగా నిలబడింది.

“ఈయప్ప పిల్లోళ్లను ఎత్తుకపోతుంటే ఎవరు చూసినారు?”

“వీడియో వచ్చింది గదత్తా!” అన్నాడు వరసకు అల్లుడయ్యే ఒకాయన.

“నీకెవరు పంపినారు?”

“మా బామ్మర్ది, పొదిలి నుంచి.”

“ఫోన్ చెయ్యి. ఆయనకెవరు పంపినారో అడుగు.”

బామ్మర్దికి బస్సులో పరిచయమైన ఎవరో పంపారట, ఆయనకు ఏదో గ్రూపులో వచ్చిందట. ఆ పైన ఎవరికీ తెలియదు. అల్లుడి ఫోను తీసుకుని చిన్నమ్మ నా చేతికిచ్చి, వీడియోలో కనిపించే దుకాణం బోర్డు చదవమంది. అవి తెలుగు అక్షరాలు కావు, హిందీవీ కావు.

“యాడిదో తెలీనిది మనూర్లో జరిగిందని ఎట్ల నమ్మినార్రా? కొత్త బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ ఉందేమోనని పరీక్షకు పంపుతాం గదా. మాటను పరీక్ష చేసేది లేదా?”

అల్లుడే వచ్చి కట్లు విప్పాడు. ముసలాయనకు చిన్నమ్మే చెంబుతో నీళ్లు తాగించింది.

“ఆమె ఏం చదివినారు మేడం?” అని ముందు బెంచీలోని ఒక అమ్మాయి అడిగింది.

“మూడో తరగతి” అన్నాను. అంత గర్వంగా నా డాక్టరేటు సంగతి కూడా ఎన్నడూ చెప్పుకోలేదు.

చిన్నమ్మ పోయి మూడేళ్లయింది. కాలం మాటకు ఎంత వేగం నేర్పినా, అది నిజమో కాదో కనుక్కోవడానికి ఆనాడు ఆమెకు పట్టిన పావుగంట ఇవాళ్టికీ పడుతూనే ఉంది.