కుదురులేని అంకెలు

కార్డు మిషన్‌తో పాటు మా బడి ఆఫీసుకు ఒక కాగితం కూడా వచ్చింది. కార్డులతో ఫీజు తీసుకునేటప్పుడు పాటించాల్సిన నియమాలు, మొత్తం పదకొండు. కరస్పాండెంట్ గారు దానికి లామినేషన్ చేయించి నా కుర్చీ వెనక గోడకు అతికించారు. బాన్సువాడలోని ఆ ప్రైవేటు బడిలో నేను గుమాస్తాని. ఇకమీదట నోట్లు ముట్టుకోవద్దు, ఫీజంతా మిషన్‌లోనే అన్నారు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక పాడు అలవాటు. ఎక్కడ "చేయరాదు" అని రాసి ఉన్నా, ముందు ఆ పని చేసిన మహానుభావుడెవరా అని ఆలోచిస్తాను. నిప్పు లేనిదే పొగ రాదు కదా. "కార్డు గీకి నగదు ఇవ్వరాదు" అన్న నియమం వెనక మనిషి నాకు వారంలోపే దొరికాడు. బీర్కూర్ నుంచి వచ్చిన చెరకు రైతు ఒకాయన, ఏటీఎంలో పైసలు లేవు, ఫీజు పేరు మీద ఎక్కువ గీకి మిగతాది చేతిలో పెట్టమని గంటసేపు కూర్చున్నాడు. కుదరదంటే, కార్డు నాది, పైసలు నావి, నడుమ నీదేంది అని లేచిపోయాడు. "వాపసు సొమ్ము కట్టిన కార్డుకే వెళ్లాలి" అన్నదాని వెనక, మేనమామ కార్డుతో ఫీజు కట్టించి, పిల్లను మాన్పించి, డబ్బు తన జేబులో వేసుకున్న తండ్రి ఒకడు నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేవాడు. "సిబ్బంది తమ కార్డుతో ఇతరుల ఫీజు కట్టరాదు" దగ్గర మాత్రం ఎంత ఆలోచించినా దొంగ దొరకలేదు. మంచికి పోయి చేతులు కాల్చుకున్న నాలాంటి గుమాస్తా ఎవరో అయ్యుంటారు.

ఏడో నియమం ఇది: "పిన్ నంబరు అడగరాదు, చూడరాదు, వారి తరఫున నొక్కరాదు." ఇందులో ఆలోచించడానికి ఏముందిలే అని దాటేశాను.

వరి కోతల రోజులు. పదో తరగతి ఫీజులకు ఆ రోజే ఆఖరు. నాలుగింటికల్లా పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా పంపించాలి. ఫీజు కట్టని పేరు అందులో పెట్టొద్దని పైనుంచి గట్టిగా చెప్పారు. మూడున్నరకు పదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్లమ్మను వెంటబెట్టుకుని పరుగున వచ్చింది. వాళ్లది నిజాంసాగర్ కాలువ దగ్గరి తండా. తల్లి కోత నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నిండా వడ్ల నూగు. పాలిథిన్ కవరులోంచి కార్డు తీసి, నా చేతికివ్వకుండా తనే మిషన్‌లో పెట్టింది. కార్డు మన చేతికి తీసుకోకూడదన్నది మూడో నియమం. చదవకుండానే ఈవిడకు తెలుసే అనుకున్నాను.

అద్దం మీద అంకెలు వచ్చాయి. ఆమె వేలు తడుముకోకుండా నాలుగు చోట్ల పడింది. తప్పని చెప్పింది మిషన్. మళ్లీ నొక్కింది. మళ్లీ తప్పే. మూడోసారి కూడా తప్పితే ఆ రోజుకిక ఆ కార్డు పనిచేయదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నంబరు గుర్తు లేకుండా ఎట్లా వచ్చావమ్మా అన్నాను, కాస్త కటువుగానే. పిల్ల తల దించుకుని, అమ్మకు అంకెలు చదవడం రాదు మేడం అంది. ఏటీఎంలో ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో ఆమె వేలికి అలవాటట. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదట. మా మిషన్‌లో మాత్రం అంకెలు ఒకచోట కుదురుగా ఉండవు. ప్రతిసారీ చోటు మార్చుకుంటాయి. పక్కనున్నవాళ్లు వేలిని బట్టి కనిపెట్టకుండా అలా చేశారని దాన్ని బిగించినాయన గొప్పగా చెప్పి వెళ్లాడు. దొంగ కోసం వేసిన తాళం ఇంటావిడనే గుమ్మం బయట నిలబెట్టింది.

బిడ్డకు చెప్పు, తను నొక్కుతుంది అన్నాను. ఆమె అడ్డంగా తలూపింది.

"ఎవలకు చెప్పొద్దని బ్యాంకుల సారు చెప్పిండు మేడం. అయినా గా అంకెల పేర్లే నాకు తెల్వయి. ఏమని చెప్త?"

నాకు కోపం పోయి ఆశ్చర్యం పట్టుకుంది. నా పిన్ మా ఆయనకు తెలుసు, మా చెల్లెలికి తెలుసు, పాలవాడికి తెలిసినా తెలిసి ఉంటుంది. ఊరు మొత్తంలో ఏడో నియమం పాటిస్తున్నది ఈమె ఒక్కతే.

కానీ పొద్దు ఆగదు కదా. ఆమె బ్యాంకు బీర్కూర్‌లో, బస్సులో వెళ్లొచ్చేసరికి జాబితా వెళ్లిపోతుంది. ఏటీఎంకు వెళ్లి నోట్లు తెచ్చినా నేను తీసుకోకూడదు. నా చెయ్యి నా బ్యాగు మీదికి పోయింది, అందులో నా కార్డు ఉంది. గోడ మీది నియమం వెనకున్న మంచి మనిషి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. పిరికిదాన్నని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. పిల్ల గడియారం వంక చూస్తూ పెదవి కొరుక్కుంటోంది.

తల్లి మాత్రం నా బల్ల మీది పాత ల్యాండ్‌లైన్ ఫోను వైపు చూస్తోంది. ఆ ఫోను మోగక ఏళ్లయింది, కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టుకున్నాను.

"గా ఫోను జర ఇటియ్యి మేడం."

ఇచ్చాను. దాని మీటలు అచ్చం ఏటీఎం మీటల వరసలోనే ఉన్నాయి, అంతవరకు నేను గమనించనే లేదు. ఆమె వేలు గాలిలో ఒకసారి ఆడి, ఒక మీట మీద ఆగింది. ఆ మీట మీద ఏం గీసి ఉందో వంగి చూసింది. అప్పుడు అర్థమైంది. వేలికి తెలిసినదాన్ని కంటికి చూపించుకుంటోంది. అలా నాలుగు బొమ్మలు చూసుకుని, అవే బొమ్మలు మిషన్ అద్దం మీద ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

మిషన్ ఎక్కువసేపు ఆగదు, ముందు బాగా చూసుకో, తయారయ్యాకే మొదలుపెడదాం అన్నాను. ఆమె నా వైపూ, బిడ్డ వైపూ చూసింది. నేను మిషన్‌లో ఫీజు మొత్తం కొట్టి ఆమె ముందు పెట్టాను. తర్వాత ఇద్దరం లేచి, తప్పు చేసిన పిల్లల్లా గోడకు మొహం పెట్టి నిలబడ్డాం. నా కళ్లెదురుగా ఏడో నియమం. తిరిగి చూడాలని ఎంత కోరిక పుట్టిందో చెప్పలేను. చూడరాదన్న ముక్క వెనకున్న మనిషి ఎవరో ఆ క్షణాన తెలిసింది, అచ్చం నాలాంటిదే.

వెనక ఒక చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. మూడోది. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నాలుగోది. తర్వాత రసీదు కాగితం చుట్ట తిరిగిన శబ్దం.

సంతోషంతో నాకు నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. జాబితాలో ఆ అమ్మాయి పేరు చేర్చి, నాలుగుకు ఐదు నిమిషాలుండగా పంపించాను.

ఎండాకాలంలో తల్లీబిడ్డలిద్దరూ మార్కుల మెమో కోసం వచ్చారు. ఇప్పుడు అమ్మకు అంకెలు చదవడం వచ్చు, నేనే నేర్పిన అంది పిల్ల. తల్లి గోడమీది క్యాలెండర్ గడులు గడగడా చదివింది. మరి ఇక బాధ లేదు కదా అన్నాను.

"నేర్చుకున్నంక ఫికరైంది మేడం. ఇన్నొద్దులు ఆ నంబరు చేతిల ఉండె, ఇప్పుడు నోటికొచ్చింది. నిద్రల గొణుగుతనేమో అని బుగులు. అందుకే మొన్న ఏటీఎంల కొత్తది పెట్టుకున్న. కండ్లు మూసుకొని ఒత్తిన."

నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. ఇంటర్ కాలేజీ ఆఫీసులో కూడా ఇలాంటి మిషనే ఉందని కనుక్కుందట, ఫీజు వచ్చే వారం కట్టాలట. బల్ల మీది ఫోను వైపు చూసి, అది మీకు పనికొస్తదా అని అడిగింది.

తుడిచి ఇచ్చేశాను. ఆ రోజు తల దించుకున్న పిల్లే దాన్ని పుస్తకాల సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది.

తర్వాత నెలలో సామాను లెక్క చూశారు. ఇప్పుడు గోడ మీద పన్నెండో నియమం ఉంది: "బడి సామాను బయటివారికి ఇవ్వరాదు." దాని వెనక ఎవరున్నారా అని కొత్తగా చేరిన గుమాస్తా నన్నడిగింది. నేనే అన్నాను.