గేరుబాక్సు బాగానే ఉంది

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువుగానే ఉంది. అయినా తల దించుకుని చెప్పను. మొత్తం వినండి, తర్వాత మీ ఇష్టం.

గోదావరిఖనిలో నాది బండ్లకు కరెంటు పనులు చేసే షాపు. మా అక్క భర్త రాజయ్య బావ, గని కాంట్రాక్టు కార్మికులను షిఫ్టుకు తీసుకెళ్లే వ్యాను నడిపేవాడు. బండికి చిన్న గీత కూడా పడనివ్వడని పేరు. తర్వాత చూపు మందగించింది. ఒకరోజు నేనూ ఆ వ్యానులో ఉన్నాను. పట్టపగలు, రోడ్డు మీద ఆగి ఉన్న బొగ్గు లారీ ఆయనకు కనబడలేదు. నేను అరిస్తే పక్కకు తిప్పాడు. వెనక కూర్చున్న ఒకామె ఏడ్చేసింది. కళ్లు చూపించుకోమని బతిమాలాను. దవాఖానకు వెళ్తే డ్యూటీ పోతుందని వినలేదు. ఈ సంగతి యజమానికి చెబితే తన గడప తొక్కొద్దని బావ తెగేసి చెప్పాడు.

కొద్ది రోజులకే ఆ వ్యాను మొరాయించింది. దానికి క్లచ్ ఉండదు, గేర్లు కంప్యూటరే మారుస్తుంది. నడుస్తూ నడుస్తూనే న్యూట్రల్‌లోకి జారిపోయేది. ఎవరు చూసినా గేరుబాక్సు పోయిందనే అంటారు. యజమాని నా దగ్గరికి తెచ్చాడు. మీటరు పెట్టి చూశాను. లైట్లు వేయగానే గేర్ల కంప్యూటరుకు కరెంటు పడిపోతోంది. ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు, దాని మీద బొగ్గు దుమ్ము. గీకి బిగించాను. గేర్లు చక్కగా పడ్డాయి.

మళ్లీ వదులు చేశాను.

గేరుబాక్సు పోయిందని, డ్రైవరు మొరటుగా నడపడమే కారణమని యజమానికి చెప్పాను. ఆయన వేరే షాపులో గేరుబాక్సు విప్పించి బాగు చేయించాడు, వ్యాను నా దగ్గరికి తిరిగొచ్చాక నేను గుట్టుగా వైరు బిగించాను. అప్పటికే బావను పనిలోంచి తీసేశారు.

బావ షాపుకు వచ్చాడు.

"నువ్వు చూసినవ్ గదరా. నిజం చెప్పు. తప్పు నా చేతులల్లనే ఉన్నదా?"

"ఉన్నది బావా."

"గట్లనా," అని రెండు చేతులూ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

దీనికి నేను క్షమాపణ అడగను. ఆ వ్యానులోని మనుషులు ప్రాణాలతో ఇళ్లకు చేరారు. మీరైతే ఏం చేసేవారు? గడప తొక్కకపోయినా సరే అని కళ్ల సంగతే చెప్పేవారా? చెప్పేవారేమో. నాకు అంత ధైర్యం లేకపోయింది.

కానీ ఆ తర్వాతిది వేరు. వాళ్లు బెల్లంపల్లికి మారాక అక్క పోరు పడలేక బావ కళ్లకు ఆపరేషన్ చేయించుకున్నాడు. పొరలు పోయాయి. చూపు చక్కగా వచ్చింది. మళ్లీ నడపమని ఎవరైనా అంటే, "వద్దు, బండ్లు నా చేతుల ఖరాబైతయ్" అనేవాడు. నా ముందే అనేవాడు. నేను టీ తాగుతూ వినేవాణ్ని. అప్పుడు ఎవరి ప్రాణం కాపాడుతున్నాను? నా పరువునే కదా. ఇది తప్పు.

మొన్న వెళ్లి చెప్పేశాను. బావ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. అక్క నా వైపు చూడలేదు. వాకిట్లో నిలబడి, వీధంతా వినబడేలా మళ్లీ చెప్పాను:

"గేరు నువ్వు ఖరాబ్ చెయ్యలే బావా! వైరు లూజైంది. నేనే అబద్ధం ఆడిన!"