తెలియని నంబరు

కొత్త ఫోన్ కొనడానికి మా ఆయనా నేనూ రాయగడ వెళ్ళిన రోజు షాపతన్ని నేను ఒక్కటే అడిగాను, మోత గట్టిగా ఉంటుందా అని. వాన పడితే మా రైల్వే క్వార్టర్ రేకుల చప్పుడుకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అతను నా ప్రశ్న వదిలేసి, చందమామను దగ్గరగా ఫోటో తీయొచ్చని, ముఖం చూసి తెరుచుకుంటుందని చెప్పుకుపోయాడు. చందమామతో నాకేం పని? మేముండే లక్ష్మీపూర్‌లో వానాకాలమంతా మబ్బే.

మా ఆయన పట్టాల మీద గస్తీ తిరిగేవాడు. కొండచరియ విరిగి లైను మీద పడిందేమో చూసుకుంటూ ఘాట్‌లో స్టేషన్ నుంచి స్టేషన్‌కు నడవాలి. అవతలి స్టేషన్ చేరగానే ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవాడు. నేను ఎత్తకూడదు. క్షేమంగా చేరానని దాని అర్థం. అక్కడ అతని సిమ్‌కు సిగ్నల్ అందదు, అందుకని ఎవరి ఫోన్ పలికితే దాంతోనే చేసేవాడు. ఆ లైన్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఇదే అలవాటు. రింగు వినపడ్డాకే నేను బియ్యం కడిగేదాన్ని.

షాపతను చివర్లో ఇంకొకటి చూపించాడు. "లాటరీలనీ లోన్లనీ దొంగ ఫోన్లొస్తాయి కదమ్మా. ఇందులో పేరెక్కించని, తెలీని నంబరైతే ఇదే ఆపేస్తాది, మోత కూడా రాదు" అంటూ మేం అడగకుండానే అది పెట్టేశాడు. మా ఆయన మురిసిపోయాడు.

"సూసేవా, దీనికి నీకన్నా తెలివుంది" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

ఆ వారమే ఒక సాయంత్రం రింగు రాలేదు. గుమ్మంలో నిలబడ్డాను, లోపలికొచ్చాను, మళ్ళీ గుమ్మంలోకెళ్ళాను. చివరికి తడిసి ముద్దయి వచ్చాడు.

"రింగేదీ?" అన్నాను.

"ఇచ్చేను కదే. వానకి టవరు పోయుంటాది."

తర్వాతా అంతే. ఒకరోజు వచ్చేది, నాలుగురోజులు వచ్చేది కాదు. మాకు రింగు వినడమే తెలుసు, వచ్చిన నంబర్లు తెరిచి చూసే అలవాటు లేదు. అయినా మనిషి ఇంటికి వస్తూనే ఉన్నాడు కదా. మెల్లగా రింగు కోసం చూడకుండానే బియ్యం కడగడం మొదలుపెట్టాను. భయం అంత తేలిగ్గా ఎలా వదిలిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆరోజు పొద్దున్నుంచీ వాన తెరిపివ్వలేదు. కొండ మీంచి వచ్చే నీళ్ళు ఇటుకరంగు తిరిగాయి. మధ్యాహ్నం మీద ఎక్కడో ఉరిమినట్టయింది, కానీ మెరుపు లేదు. ఫోన్ వంటగట్టు మీద నా ఎదుటే ఉంది. కూర తాలింపు పెట్టాను. ఫోన్ మోగలేదు.

చీకటి పడుతుండగా అతనితో కలిసి పనిచేసే ఆయన గొడుగైనా లేకుండా వచ్చాడు.

"ఫోనెత్తవేటి వదినా? ఎంతమందిమి సేసేం."

చరియ విరిగి మా ఆయన మీద పడిందట. మట్టి తీసి, ఇంజను మీద రాయగడ ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఫోన్ తెరిచి చూశాను. తెలియని నంబర్లు వరుసగా ఉన్నాయి. వాటి కింద, ఇన్నాళ్ళూ రాలేదనుకున్న రింగులన్నీ ఉన్నాయి. క్షేమంగా చేరానని అతను చెప్పిన ప్రతి కబురునూ ఆ తెలివైన ఫోన్ దొంగల లెక్కలో వేసింది. నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఆసుపత్రి నుంచి కబురొస్తే దానికే రావాలి.

నేను రాయగడ చేరేసరికి అంతా అయిపోయింది. ఇంజను మీద అతని పక్కనే కూర్చుని వచ్చిన మరో తోటి పనివాణ్ణి, ఏమైనా అన్నాడా అని అడిగాను.

"ఒక్కపాలి నీతో మాటాడతానన్నాడు వదినా. నా ఫోన్లోంచి సేస్తానే ఉన్నాను. ఎత్తట్లేదంటే, 'వంటలో ఉంటాది, మరి సెయ్యకండి, కంగారు పడతాది' అన్నాడు."

ఆరోజు చీకటి పడేదాకా నేను ఏమాత్రం కంగారు పడలేదు.