రెండు బకిళ్ళ ఒర

గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాను. మా కాయలో తేమ ఉందని గుమస్తా, లేదని నేను, ఇద్దరం గొంతులు చించుకుంటున్నాం. అప్పుడు అన్నయ్య ఫోన్ చేశాడు.

“ఒరేయ్, మావయ్య పోయాడ్రా. పొద్దున టీ తాగి పని పీట ముందు కూర్చున్నాడంట. కూర్చున్నోడు కూర్చున్నట్టే.”

“ఆఁ” అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని గుమస్తా వైపు తిరిగాను. ఏం వాదిస్తున్నామో గుర్తుకు రాలేదు. ఉందంటే ఉందిలే అనేసి బస్సెక్కాను. ఆ గుమస్తా నన్ను పదేళ్ళుగా ఎరుగును. నా వెనక నోరు తెరుచుకుని నిలబడే ఉంటాడు.

మావయ్య అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. మార్టూరు దగ్గర పల్లెలో ఉంటూ, వేటకత్తులకు తోలు ఒరలు కుట్టి బతికాడు. అలాంటి మనిషి పోతే పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు ముక్కు మీద కోపం. నిదానంగా బతికినవాడి గురించి రాయడానికి అదేం గొప్ప అర్హత కాదు. కానీ ఆయన పనంతా నాలాంటివాళ్ళతోనే.

వేటకత్తి అంటే వంటింటి కత్తి కాదు. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉంటుంది. మా నాన్నల కాలంలో గుట్టల వెంట అడవి పందుల వేటకు వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు వేటాడితే జైలు. వేట పోయింది గానీ కత్తులు ఎక్కడికి పోతాయి? కంప కొట్టడానికి కొందరు, చేలో పంది ఎదురైతే ధైర్యానికి కొందరు నడుముకు కట్టుకుంటారు. తాత కత్తిని గోడకు తగిలించి చుట్టాలకు చూపించుకునేవాళ్ళూ ఉన్నారు. అందరికీ ఒర కావాలి. మా వాళ్ళలో చాలామంది తోలు పని వదిలేశారు. వాళ్ళ కారణాలు వాళ్ళవి, తప్పుపట్టను. మావయ్య మాత్రం వదల్లేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, “నాకు చేతనైంది ఇదేగా” అనేవాడు. అందులో బాధా లేదు, గొప్పా లేదు.

ఆయన ముందు ఎప్పుడూ ఒక నల్లరాయి పలక ఉండేది. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పక్కన పారేసిన ముక్క. దాని మీదే తోలు కోసేవాడు. బర్రెతోలు నీళ్ళలో నానబెట్టి, కత్తికి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆ మెత్తటి తోలును కత్తి మీద బొటనవేళ్ళతో అదిమేవాడు. పిడి ఎక్కడ లావో, వెన్ను ఎక్కడ వంపో తోలుకు తెలిసేదాకా అదుముతూనే ఉండేవాడు. తర్వాత నీడన ఆరబెట్టేవాడు. ఎండలో పెడితే తోలు అలుగుతుందట. కత్తి పదునుకూ కుట్టుకూ మధ్య ఇంకో తోలు పట్టీ వేసేవాడు, పదును తగిలి దారం తెగకుండా. దారానికి తేనెమైనం. బెజ్జాలు పొడిచే ఆరె మాత్రం ఆయన తాత నాటిది. దాని కొయ్య పిడిలో బొటనవేలు పట్టేంత గుంట పడి ఉండేది.

ఇదంతా ఎవరైనా నేర్చుకోగలిగిన పని. ఆయన సొంతది ఇంకొకటి ఉంది.

కత్తి పంపిస్తే ఒర కుట్టేవాడు కాదు. మనిషి రావాలి. వచ్చినవాడికి ముందు స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ ఇచ్చేవాడు. వానల గురించీ, పత్తికి పట్టిన పురుగు గురించీ మాట్లాడుతూ వాడి చేతుల వంకే చూసేవాడు. కొందరు గ్లాసు పక్కన పెట్టి ఆగుతారు. కొందరు ఊదుకుంటూ తాగుతారు. కొందరు అందుకున్నదే తడవు నోట్లో పోసుకుని, నాలుక కాల్చుకుని, టీని తిడతారు. అప్పుడు గాని ఆయన టేపు తీసేవాడు కాదు. నడుము కొలత ఒక్కటే తీసేవాడు. అసలు కొలత అప్పటికే అయిపోయి ఉండేది.

ఆగినవాడి ఒరకు టప్‌మని ఊడే గుండీ. ఊదుకున్నవాడికి ఒక బకిల్. నాలుక కాల్చుకున్నవాడికి రెండు బకిళ్ళు. అవి పిడి మీదుగా పట్టీని బిగించి ఉంచుతాయి. రెండూ తీస్తే తప్ప కత్తి బయటికి రాదు.

ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్ళకు తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఎవరి నడుముకు ఎన్ని బకిళ్ళుంటే వాడికంత కోపమని చెప్పుకునేవాళ్ళు. ఒకసారి పెళ్ళివారెవరో వచ్చి, అబ్బాయి చదువూ పొలమూ అడక్కుండా, “మా సంబంధం అబ్బాయికి ఎన్ని పెట్టారండీ?” అని ఆయన్ని అడిగి పోయారట. ఆయనేం చెప్పాడో నాకు తెలియదు. పెళ్ళయితే జరిగింది.

హైదరాబాద్ నుంచి ఒకాయన కత్తి ఫొటో, కొలతలు వాట్సాప్‌లో పంపి, రావడం కుదరదన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. కూతురు బతిమాలగా చివరికి, “సరే, వీడియోలో టీ తాగమను” అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి తన ఆఫీసులో కూర్చుని కప్పు ఎత్తి చూపించి మరీ తాగాడు. మావయ్య ఫోన్‌లోకి తొంగి చూసి, “చల్లారిన టీ తాగుతున్నాడు. వేడిది తెప్పించమ్మా” అన్నాడు.

చర్చిలో అందరి బైబిళ్ళకూ తోలు కవర్లు ఆయనే కుట్టాడు. వాటికి బకిల్ కాదు గదా, గుండీ కూడా ఉండేది కాదు. పాస్టరుగారు అడిగితే, “ఇది తొందరగా తెరుచుకోవాలి కదండీ” అన్నాడు. ఆయన మాత్రం చివరి బల్ల మీద కూర్చుని ప్రసంగం సగంలోనే కునికేవాడు.

ఈ బకిళ్ళ పట్టింపు ఎందుకో ఆయన ఒక్కసారే చెప్పాడు. కొత్తగా పనిలోకి దిగిన రోజుల్లో ఒకడికి పట్టీ లేని ఒర కుట్టాడు. లోపల నునుపుగా గీకి, కత్తి వేలితో లాగితే వచ్చేటట్టు చేశాడు. “వెన్నలా వస్తంది మావా” అని వాడు మురిసిపోయాడు. ఈయనా మురిసిపోయాడు. ఆ ఎండాకాలంలోనే ఒక పెళ్ళిలో మాటామాటా పెరిగి వాడు సొంత బావమరిది మీదికి కత్తి దూశాడు. అడ్డం పెట్టిన చెయ్యి మళ్ళీ పనికి రాలేదు.

“వాణ్ణి పోలీసులు తీసుకుపోయారు. నన్ను ఎవరూ ఏమీ అనలా,” అన్నాడు మావయ్య. “అంత బాగా కుట్టకపోతే పోయేదిరా.”

మా నాన్న పోయాక ఆయన కత్తి నాకు వచ్చింది. పాత ఒర చివికిపోతే అన్నయ్యా నేనూ కలిసి మావయ్య దగ్గరికి వెళ్ళాం. టీ సంగతి ఊరంతటికీ తెలిసినట్టే నాకూ తెలుసు. అయినా గ్లాసు అందుకోగానే ఏదో మాట మీద చిరాకొచ్చి గటుక్కున తాగేశాను. నాలుక బొబ్బెక్కింది. పక్కన అన్నయ్య తలొంచుకుని నవ్వుకున్నాడు.

వారం తర్వాత ఒర వచ్చింది. రెండు బకిళ్ళు. ఊళ్ళో ఆ ఒర కట్టుకుని నడవడం ఎంత నామోషీగా ఉండేదో చెప్పలేను. కల్లంలో కాయ ఏరే ఆడవాళ్ళు కూడా లెక్కపెట్టి నవ్వేవాళ్ళు. దాంతో నాకు ఇంకా కోపం వచ్చేది.

పొలం పంచుకున్న తర్వాత నా చేలోంచి కల్లానికి పోయే ట్రాక్టరు దారి అన్నయ్య వాటాలోంచి ఉండేది. ఒక ఏడు తొలకరికి అన్నయ్య ఆ దారి మీద కూడా పత్తి గింజ పెట్టాడు. మొలకలొచ్చాక చూశాను. ముసురు పట్టిన పొద్దు అది. కత్తి నడుముకే ఉంది. తిన్నగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను. నేను ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. తిడుతూ మొదటి బకిల్ తీశాను. రెండోది రాలేదు. తోలు తడిసి ఉబ్బి, బకిల్‌ను పట్టేసుకుంది. లాగుతున్నాను, గోరు విరిగింది, మళ్ళీ లాగుతున్నాను.

అన్నయ్య పారిపోలేదు. నా చేతుల వంక చూస్తూ, “అట్టా లాగితే రాదురా. తడిసింది. ముందు పట్టీని లోపలికి నెట్టి, అప్పుడు లాగు” అన్నాడు.

“నువ్వు నోరు ముయ్యి” అని, ఆయన చెప్పినట్టే నెట్టి లాగాను. వచ్చేసింది.

రెండు బకిళ్ళూ ఊడాయి. చెయ్యి పిడి మీద ఉంది. ఎదురుగా, బకిల్ ఎలా తీయాలో ఇప్పుడే నాకు చెప్పిన మనిషి. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ క్షణం ఎంత సిగ్గుగా ఉందో ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

“తీశావుగా. పోయి ఆ గట్టు మీద కంప కొట్టు,” అన్నాడు అన్నయ్య.

మధ్యాహ్నం దాకా సర్కారు తుమ్మ కంప కొట్టాను. అన్నయ్య పత్తి మొక్కలు పీకలేదు. ఆ ఏడు కాయంతా నేనూ నా భార్యా బస్తాలకెత్తి గట్టు మీదుగా నెత్తిన మోశాం. మరుసటి ఏడు అడక్కుండానే దారి వదిలాడు. మాటలు కలవడానికి ఇంకో ఏడు పట్టింది.

మావయ్యకు నేనే వెళ్ళి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. “రెండోది ఎంతసేపు పట్టింది?”

“చాలాసేపు.”

“ఊఁ. సరిపోయింది” అని ఒర విప్పించుకుని, పట్టీకి ఆముదం రాస్తూ కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఆయన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, “ఒక బకిల్ తీసెయ్యి మావా, పిల్లలు పెద్దోళ్ళయ్యారు, వాళ్ళూ నవ్వుతున్నారు” అని అడిగేవాణ్ణి. పైకి నవ్వుతూ అడిగినా అది నాకు చిన్న విషయం కాదు. నేను మారానని ఇంకెవరు చెప్పినా నమ్మకం కుదరదు, ఆయన చెప్పాలి. ఆయన టీ ఇచ్చేవాడు. నేను గ్లాసు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడిలా ఆగేవాణ్ణి.

“నాకోసం ఆగుతున్నావురా అల్లుడూ,” అనేవాడు. “అది లెక్కలోకి రాదు.”

పోయిన నెల ఒర అంచున కుట్టు వదులైతే ఇచ్చి వచ్చాను. బకిల్ సంగతి ఈసారి అడగలేదు. అడిగి అడిగి విసుగొచ్చింది. ఆయన ఒరను అటూ ఇటూ తిప్పి, రెండో బకిల్ బెజ్జం మీద వేలు పెట్టి చూశాడు. “ఇది తీస్తున్నట్టు లేవే” అన్నాడు. ఔనన్నాను. నిజమే, ఎన్నో ఏళ్ళుగా కత్తి తీసింది కంపకే, ఆ పనికీ ఈ మధ్య కూలీలనే పెడుతున్నాను. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

సమాధుల తోటలో జనం బాగానే వచ్చారు. పాట పాడారు, ప్రార్థన చేశారు, తలా గుప్పెడు మట్టి వేశారు. వచ్చిన మగవాళ్ళలో చాలామందిని నేను ముఖాలను బట్టి కాక బకిళ్ళను బట్టి గుర్తుపట్టాను. ఎవరూ కత్తి కట్టుకుని రాలేదు, అయినా ఎవరికి ఎన్నో నాకు కంఠతా. నా కంట నీళ్ళు రాలేదు. తిరిగి వస్తుంటే అన్నయ్య ఉన్నట్టుండి, “ఆ రోజు చేలో నువ్వు నరికేస్తావనే అనుకున్నా రా. ఏదో ఒకటి మాట్టాడాలని ఆ బకిల్ ముక్క అన్నా” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

వారం ఆగి మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు, నాకు మరదలు, పదేళ్ళుగా తండ్రి పక్కనే కూర్చుని కుడుతోంది. ఇప్పుడు పీట ఆమెదే. నన్ను చూడగానే లోపలికి వెళ్ళి నా ఒర తెచ్చి నల్లరాయి మీద పెట్టింది.

“నాన్న పోయేటప్పుడు ఒళ్ళో ఇదే ఉంది బావా.”

అంచు కుట్టు పూర్తయింది. రెండో బకిల్ దగ్గర మాత్రం ఎనిమిది కుట్లలో నాలుగు తెగి ఉన్నాయి. దారాలు తేలి ఉన్నాయి. తీసేద్దామని కోశాడా, పాత దారం మార్చి మళ్ళీ గట్టిగా కుడదామని కోశాడా, చెప్పడానికి ఆయన లేడు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, యార్డులోనూ సమాధి దగ్గరా రానిది.

“తీసెయ్యమంటావా, కుట్టమంటావా?” అని అడిగింది.

“మీ నాన్న ఏం చేద్దామనుకున్నాడో అది చెయ్యి.”

“నాకు చెప్పలేదు” అని లేచి వెళ్ళి, స్టీలు గ్లాసుతో టీ తెచ్చి నా పక్కన పెట్టి, పీట ముందు కూర్చుంది.

నేను ఆ నాలుగు తెగిన కుట్లనే చూస్తున్నాను. ఆయన బొటనవేలు ఎక్కడ ఆనించి ఉంటాడో, కత్తెర ఎటు నుంచి పెట్టి ఉంటాడో వెతుకుతున్నాను. బయట గ్రానైట్ లారీ ఏదో పోయింది. ఎంతసేపయిందో నాకు తెలియదు.

“టీ చల్లారిపోయింది బావా” అంది మరదలు.

తల తిప్పి చూశాను. గ్లాసులో మీగడ కట్టి ఉంది. ఆమె నా చేతిలోంచి ఒర తీసుకుని రాయి మీద పరిచి, సూదీ దారమూ పక్కకు జరిపి, కత్తెర అందుకుంది.