గ్రేసీ ఇచ్చిన బొమ్మల పుస్తకం

ఒక చిన్నపిల్ల తిన్న చెంపదెబ్బను ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నాను. మీతో చెప్పకపోతే ఇక ఎవరితోనూ చెప్పలేను.

తెలంగాణ ఉద్యమం రోజులు. బందులతో బడులు మూతపడితే, దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వాటాలో ఉండే సునీత కూతురు గ్రేసీ, మా అమ్మాయీ పొద్దస్తమానం మా వరండాలోనే ఆడుకునేవాళ్ళు. సునీత వాళ్ళు నల్గొండ వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు, మేం గుంటూరు వాళ్ళం. ఊరేగింపు వస్తే నేను తలుపు వేసుకునేదాన్ని, సునీత బయటికొచ్చి చూసేది. అయినా కూరా చారూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం.

ఒకరోజు మా అమ్మాయి దిండు కింద ఓ పాత పుస్తకం కనిపించింది. పిల్లల కోసం వేసిన ఏసు కథలు, పేజీకో రంగుల బొమ్మ. ఊడిన అట్టను ఎవరో గుడ్డ వేసి కుట్టారు. చదువుకోమని గ్రేసీ ఇచ్చిందట. బస్సులు నడిస్తే మర్నాడే మా అత్తగారు ఎల్‌బీ నగర్‌లో దిగుతారు. ఇది చూశారంటే ఇల్లు పీకి పందిరేస్తారు!

తిరిగి ఇచ్చేస్తే పోయేది కదా. ఎందుకివ్వలేదు? అత్తగారి భయమేనా? కాదు. నా కూతురు ఆ బొమ్మల్ని అంత ఇష్టంగా చూడటం నాకు గిట్టలేదు, అదీ అసలు సంగతి. చెత్తలో వేయడానికి మాత్రం చేతులు రాలేదు. ఎవరి దేవుడైతేనేం, దేవుడి బొమ్మలు కదా. దేవుడి బొమ్మలున్న పాత క్యాలెండర్లతో కలిపి సరూర్‌నగర్ చెరువులో వదిలి, దండం పెట్టుకుని వచ్చాను. ఎంత భక్తో చూడండి!

సాయంత్రం సునీత గ్రేసీని వెంటబెట్టుకుని వచ్చింది.

"అక్కా, మా పిల్ల గా బొమ్మల పుస్తకం మీ ఇంట్ల పెట్టిందా? మా అమ్మకు చిన్నప్పుడు మిషన్ బడిల ఇచ్చిన్రు. అమ్మ పోయినంక గదొక్కటే మిగిలింది."

"లేదే, మా ఇంటికి తేలేదమ్మా" అన్నాను.

"ఇచ్చిన మమ్మీ, నిజంగ ఇచ్చిన!" అంది గ్రేసీ.

"పోగొట్టి ఒకళ్ళ మీద పెడ్తవా?" అంటూ సునీత దాని చెంప ఛెళ్ళుమనిపించింది.

మా అమ్మాయి నోరు తెరవబోతే భుజం నొక్కాను. గ్రేసీ ఏడవలేదు. నావైపే చూసింది. అప్పుడైనా చెప్పొచ్చుగా? ఆంధ్రోళ్ళు మా దేవుణ్ణి చెరువులో పడేశారని బజారుకీడుస్తుందేమోనని వణికాను. సునీత అలాంటిది కాదని నాకు అప్పుడూ తెలుసు.

తర్వాత వాళ్ళు హయత్‌నగర్ వైపు ఇల్లు మారారు. వెళ్ళేముందు సునీత నా చేతులు పట్టుకుంది. "మా పిల్ల మీ మీద పెట్టిందని మనసుల పెట్టుకోకు అక్కా."

"చిన్నపిల్ల, పోనీలే" అన్నాను. పెద్ద మనసుతో క్షమించినట్టు!

మిమ్మల్ని క్షమించమని అడగను, మీరేం చేస్తారు పాపం. ఒక్క మాట వినండి చాలు. గ్రేసీ అబద్ధమాడలేదండీ. నేనాడాను. అమ్మయ్య, అనేశాను.