ఎవరికీ ఏమీ కాని అరగంట

ఆ రోజుల్లో మహారాష్ట్రలోని మా దెగ్లూర్ తాలూకాలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు కొదవ లేదు, ఆడించే కమిటీలకు అసలే కొదవ లేదు. లేనిదల్లా ఎవరికీ చుట్టం కాని మనిషి. 'ఆ రోజులు' అంటున్నాను గానీ మరీ పాత కాలమేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఆ రోజు జరిగినదాన్ని ఎవరో ఫోన్లో తీశారు కూడా (మా అత్తవారి వైపు ఏ శుభకార్యం జరిగినా భోజనాలయ్యాక దాన్ని పెట్టుకుని నవ్వుతారు, నేనూ నవ్వుతాను, వేరే దారి లేదు కాబట్టి). అయినా పాతికేళ్ళు నిండని వయసులో మెడలో విజిల్ వేలాడేసుకుని, తాలూకాలో న్యాయమంతా నా ఒక్కడి మీదే ఆధారపడి ఉందని నమ్మిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఏదో వేరే యుగం సంగతిలా అనిపిస్తుంది.

ముందు మా ఫుట్‌బాల్ పరిపాలన కాస్త చెప్పాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల జట్లు ఊరూరా ఉంటాయి. ఊళ్ళ మధ్య పోటీల్లో నెగ్గినవాళ్ళు తాలూకా తరఫున నాందేడ్ వెళ్ళి జిల్లా పోటీలు ఆడతారు, అక్కడ నెగ్గితే విభాగం, ఆ పైన రాష్ట్రం. (మావాళ్ళు నాందేడ్ దాటిన సందర్భం నాకు తెలిసి లేదు, కానీ ఆ దారి మాత్రం ప్రతి పిల్లవాడికీ కంఠస్థం.) ఒక్కో మెట్టుకూ ఒక్కో కమిటీ. మా తాలూకా కమిటీకి సోయాబీన్ వ్యాపారం చేసే, అందరూ కాకా అని పిలిచే పెద్దాయన అధ్యక్షుడు. ఉపాధ్యక్షులు ఊరికొకరు, ఎందుకంటే ఏ ఊరిని వదిలేసినా ఆ ఊరు జట్టును పంపదు. పని చేసేది మాత్రం కార్యదర్శి ఒక్కరే. ఆయన రిటైరైన మరాఠీ మాస్టారు. ఏది అడిగినా "నియమ్ మ్హణజే నియమ్" అనేవారు, నియమమంటే నియమమే అని. అందుకే అందరూ ఆయన్ని 'నియమ్ సర్' అని పిలిచేవారు, ఆయనా ఆ పేరును బిరుదులాగే మోసేవారు.

ఆ నియమాల్లో ఒకటి మా ప్రాంతానికి బొత్తిగా సరిపడనిది. ఆడించే రిఫరీకి రెండు జట్లలో ఎవరితోనూ చుట్టరికం ఉండకూడదు. నాందేడ్‌లో కూర్చుని రాసినవాళ్ళకు ఇది చిన్న మాటే. మా సరిహద్దు ఊళ్ళలో మేనమామకు పిల్లనివ్వడం, మేనత్త కొడుకును చేసుకోవడం తాతల కాలం నుంచీ నడుస్తోంది కాబట్టి ఎవర్ని కదిపినా ఇంకెవరికో బావ అవుతాడు. ఒకసారి నాందేడ్ నుంచే, తెలుగు ముక్క రాని రిఫరీని పిలిపించారు. ఆయన్ని ఒక ఊరివాళ్ళు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి పొద్దున కూర్చోబెట్టారు, మధ్యాహ్నానికల్లా ఆయన భార్య పిన్నిని తమ ఊళ్ళోనే ఇచ్చారని కనిపెట్టారు. ఆటకు ముందే అందరూ ఆయన్ని "దాజీ" అని పిలవడం మొదలుపెట్టారు, అంటే బావగారన్నమాట. ఎదుటి జట్టు మైదానం మధ్యలో కూర్చుని లేవలేదు.

ఇలాంటి కరువులో నేను దొరికాను. స్కూల్లో తాత్కాలికంగా ఆటల మాస్టారిని, నాందేడ్‌లో రిఫరీ శిక్షణ తీసుకుని వచ్చినవాణ్ణి. మాది మర్ఖేల్ వైపు. అమ్మానాన్నలిద్దరూ బోధన్ దగ్గర్నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, చుట్టాలందరూ తెలంగాణలోనే ఉండిపోయారు. నియమ్ సర్ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"ఈ తాలూకల నీకు మామ గాని, బావ గాని ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు సర్."

"లగ్గం?"

"కాలే సర్."

ఆయన కళ్ళు మెరిశాయి. "దేవుడు పంపినట్టు దొరికినవ్ రా! ఇగ నువ్వే మా తటస్థ రిఫరీవి" అని నా భుజం తట్టారు. ఒంటరివాడినని తెలిసి అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఏడాది తాలూకా ఫైనల్ దెగ్లూర్ మైదానంలో. ఒక వైపు రోడ్డు పక్క ఊరి జట్టు, ఇంకో వైపు వాగొడ్డు ఊరి జట్టు. నెగ్గినవాళ్ళకు నాందేడ్ ప్రయాణం. పిల్లలకు ఆట ఎంతో ఆ ఎస్టీ (మా సర్కారీ) బస్సు ప్రయాణం కూడా అంతే, కొందరు ముందు రోజే కిటికీ సీట్లు పంచుకున్నారట. ఎప్పటిలాగే ఆట అనుకున్న సమయానికి మొదలు కాలేదు (అధ్యక్షుడు కాకాకు, ఉపాధ్యక్షులందరికీ శాలువా, కొబ్బరికాయ ఇచ్చి సత్కారం చేయాలి, అది కూడా నియమమే). చివరికి నేను నల్ల చొక్కా, నల్ల నిక్కరుతో మైదానం మధ్యకొచ్చి విజిల్ ఊదాను. మొదటి సగం ఎంత బాగా సాగిందంటే నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండు జట్లూ చెరొక గోలు చేశాయి, ఎవరూ నన్ను తిట్టలేదు.

విరామంలో గుక్కెడు నీళ్ళు తాగుతుంటే బోధన్ నుంచి వచ్చిన మా మేనమామ ఎదురయ్యాడు. నన్ను చూడ్డానికి వచ్చాడేమో అనుకున్నాను. నన్ను చూపించడానికి వచ్చాడని తర్వాత తెలిసింది.

"అరేయ్, జర ఆ నిక్కరు కిందికి గుంజుకో" అన్నాడు చెవి దగ్గర. "ఆ రేకుల షెడ్డు కింద తెల్లటోపి పెట్టుకొని కూసున్నడు సూడు, ఆయన వాగొడ్డు ఊరాయన. ఆయన బిడ్డను నీకడుగుతున్నం. మీ నాయినకు మాట ఇచ్చిండు గూడ."

"నాకెవ్వరు చెప్పలే గదా!"

"నీకెందుకు చెప్తరు, అంత కుదిరినంక చెప్తరు. ఆయన పక్కన పచ్చ చీర, ఆ పిల్లనే. తమ్ముని ఆట సూస్తనని అచ్చింది. ఆ పొట్టోడు లేడూ, ఎనక దిక్కు ఆడుతడు, వాడే నీ బామ్మర్ది."

నిక్కరు కిందికి గుంజుకున్నాను. పెళ్ళిచూపులంటే ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకోవడం, చేతిలో ఉప్మా ప్లేటు అనుకున్నవాణ్ణి, మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని, ఊరంతా చూస్తుండగా అరగంట నుంచీ పరుగెత్తుతూనే ఉన్నాను. పచ్చ చీర వైపు చూడకూడదనుకుని చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఆ నవ్వు నాకు నచ్చింది, ఆ మాట దాచుకోవడమెందుకు.

తర్వాత గుర్తొచ్చింది నియమం. నేరుగా నియమ్ సర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయారన్న కబురు విన్నట్టుంది. అప్పటికప్పుడు మైదానం గీత పక్కన కమిటీ సమావేశమైంది. ఇంకో రిఫరీని వెతకాలన్నారు. ఒక ఉపాధ్యక్షుడు లేచి నిలబడితే అతను రోడ్డు పక్క ఊరి గోల్‌కీపర్‌కు చిన్నాన్న. ఇంకొకాయన వాగొడ్డు ఊరి అల్లుడు. అధ్యక్షుడు కాకాకు రెండు ఊళ్ళలోనూ వియ్యంకులున్నారు, ఆయన ఆ విషయం కాస్త గర్వంగానే చెప్పారు. ఆట ఆపేద్దామంటే పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. నాందేడ్‌కు పేరు పంపాల్సింది ఆ సాయంత్రమే.

చివరికి నియమ్ సర్ నా వైపు తిరిగి అడిగారు. "సాఖర్‌పుడా అయిందా?" సాఖర్‌పుడా అంటే మా దగ్గర నిశ్చితార్థం, చక్కెర పొట్లం చేతిలో పెడితే మాట ఖాయమైనట్టు.

"కాలే సర్, ఒట్టి మాటనే అట."

"మాటకు నియమం లేదు. చక్కెర ఇచ్చేదాక చుట్టరికం లేదు."

రోడ్డు పక్క ఊరి శిక్షకుడు ఊరుకోలేదు. "అట్లెట్ల సర్? మాటైనంక మనసు అటే గుంజుతది గదా!"

అప్పుడు లేచాడు తెల్లటోపీ ఆయన. నిదానంగా గీత దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా అన్నాడు. "గింత పంచాది ఎందుకు? ఆట అయ్యేదాక నా మాట నేను ఎనుకకు తీస్కుంటున్న. ఈ పిల్లగాడు మాకేం గాడు, మేం ఆయనకేం గాము. పోరగాండ్లను ఆడనియ్యుండ్రి."

నియమ్ సర్‌కు ప్రాణం లేచొచ్చింది. మైకు అందుకుని మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి ప్రకటించారు: "రిఫరీ గారి లగ్గం మాట చివరి విజిల్ దాక తహకూబ్!" (వాయిదా అన్నమాట. ఇలాంటి ప్రకటన ఫుట్‌బాల్ చరిత్రలో ఇంకెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.) జనం చప్పట్లు కొట్టారు. నేను పచ్చ చీర వైపు చూడకుండా విజిల్ ఊదాను.

ఆ రెండో సగం నేను ఆడించినంత జాగ్రత్తగా ఎవరూ ఆడించి ఉండరు. ఇక ఆట ముగియబోతోందనగా రోడ్డు పక్క ఊరి పిల్లవాడు గోలు వైపు బలంగా తన్నాడు, బంతి గోలు ముందు నిలబడ్డ పొట్టోడి ముంజేతికి తగిలి బయటికి పోయింది. ఫట్‌మన్న చప్పుడు కూడా విన్నాను. వాడు రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుని నా మొహంలోకి చూస్తూ అరిచాడు.

"బావా, తగల్లే బావా!"

మైదానమంతా నా వైపు తిరిగింది. ఆ పిలుపు నా జీవితంలో మొదటిసారి విన్నాను, ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. విజిల్ నోట్లో పెట్టుకున్నాను. నా పెళ్ళిని నేనే ఊదేసుకుంటున్నానని తెలుసు. ఊదాను. పెనాల్టీ ఇచ్చాను. గోలైంది. వాగొడ్డు ఊరు ఓడిపోయింది. పొట్టోడు గోలు స్తంభాన్ని కావలించుకుని ఏడ్చాడు, తెల్లటోపీ ఆయన పిల్లల్ని జీపెక్కించుకున్నాడు. నియమ్ సర్ మైకులో, "తహకూబ్ అయిన విషయం ఇప్పుడు మళ్ళ మొదలు" అన్నారు గానీ వినడానికి అక్కడ ఎవరూ లేరు.

కబురు మర్నాడే వచ్చింది. తెల్లటోపీ ఆయనకేమీ అభ్యంతరం లేదట, పిల్ల తల్లికి మాత్రం ఉందట. "నా కొడుకును ఊరందరి ముంగట ఏడిపిచ్చినోనికి నా బిడ్డనియ్య" అని ఖచ్చితంగా చెప్పేసిందట. సోయాబీన్ కోతలు వచ్చాయి, పోయాయి. మా నాన్న నాతో మాట్లాడ్డం తగ్గించాడు. నేను చేసింది సరైనదేనని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను, రోజూ పచ్చ చీర గుర్తొచ్చి బాధపడ్డాను.

ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను. పలకరింపులేమీ లేవు.

"ఒకటడుగుత, నిజం చెప్పుండ్రి. ఆ చెయ్యి మీకు కనవడ్డదా, లేకుంటె ఆ పక్కోళ్ళు ఒర్లితె ఊదిండ్రా?"

గొంతు ఎవరిదో అడగనక్కర లేదు. "కనవడ్డది. ఎడమ ముంజేతికి తగిలింది" అన్నాను.

ఆ రోజు కొంగు చాటున చూసిన నవ్వు ఇప్పుడు వినబడింది. "ఎడమ చెయ్యే. ఎర్రగ కందింది. పసుపు పెట్టింది నేనే."

"మరి మీ అమ్మకు చెప్పలేదా?"

"మీరేమంటరో సూసి చెప్దామనుకున్న. ఇయ్యాల చెప్త."

ఆమె చెప్పింది, పొట్టోడు కూడా ఒప్పుకున్నాడు, చక్కెర పొట్లం నా చేతిలో పడింది. పెళ్ళికి నియమ్ సర్ వచ్చి శాలువా కప్పారు, కొబ్బరికాయ ఇచ్చారు, విస్తరి ముందు కూర్చుని నా అత్తవారి బలగాన్ని వరస వరసగా చూశారు. భోజనమయ్యాక నా చెయ్యి పట్టుకుని నిజంగానే దిగులుగా అన్నారు: "ఉన్నదొక్క రిఫరీ. అది గూడ పాయె."

ఆయన మాటే నిజమైంది. ఆ ఒక్క పెళ్ళితో నేను సగం తాలూకాకు బావనయ్యాను, మిగతా సగానికి అల్లుణ్ణయ్యాను. దెగ్లూర్‌లో మళ్ళీ ఒక్క ఆట కూడా ఆడించలేదు. ఇప్పుడు నాందేడ్‌లో జిల్లా కమిటీ తరఫున ఏ పోటీకి ఎవరు రిఫరీగా వెళ్ళాలో చూసే పని నాది. మొన్న ఒక కుర్రవాడు నా ముందు తలవంచుకుని నిలబడ్డాడు. "సర్, నన్ను ఫైనల్‌కు ఏసిన్రు, కాని ఆ ఊళ్ళె నాకు పిల్లను సూస్తుండ్రు" అన్నాడు. నవ్వాపుకుని, నియమ్ సర్ గొంతుతోనే అడిగాను, సాఖర్‌పుడా అయిందా అని. కాలేదన్నాడు. అయితే వెళ్ళి ఊదమన్నాను, నిక్కరు కాస్త పొడుగుది వేసుకోమని కూడా చెప్పాను.

సెలవులకు దెగ్లూర్ వెళితే బస్సు దిగింది మొదలు టీ కొట్టు దాకా "బావా, ఎప్పుడచ్చినవ్?" అనేవాళ్ళే. పొట్టోడు ఇప్పుడు నాకంటే పొడుగు, వాగొడ్డు పిల్లలకు శిక్షణ ఇస్తాడు, ఆ రోజు చెయ్యి తగల్లేదని నన్ను ఉడికించడానికి ఇప్పటికీ అంటాడు. అంతా బాగానే ఉంది, నాకే లోటూ లేదు. కానీ ఆ మైదానం పక్కనుంచి వెళ్తున్నప్పుడు, ఎక్కడో పిల్లలాడుతుంటే విజిల్ వినబడినప్పుడు, ఆనాడు మెడలో విజిల్‌తో, దుమ్ము కాళ్ళతో నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగుతాను. ఎవరికీ ఏమీ కాడని అందరి ముందూ తేల్చిన ఆ అరగంట తర్వాత ఇంత పెద్ద తాలూకాలో వాడికి మళ్ళీ రిఫరీ అయ్యే భాగ్యం దక్కలేదు.